నలుగురు రాసిన ఒక్కడి ఆత్మకథ

సాహిత్యం ఎవరి కోసం అన్న ప్రశ్న మన విమర్శలో చాలాకాలంగా ఉన్నదే. ఎవరి గురించి అన్న ప్రశ్న కూడా పాతదే. ఎవరు రాస్తున్నారు అన్నది మాత్రం ఆలస్యంగా వచ్చింది. స్త్రీలు, దళితులు, ముస్లింలు, ఆదివాసులు నిలదీసి అడిగేదాకా అదొక ప్రశ్న అని కూడా మనలో చాలామందికి తోచలేదు. ఆ మూడో ప్రశ్ననే ఇంకొకవైపు నుంచి పరిశీలించాలని నా ప్రయత్నం. మాట రానివాళ్లు, వచ్చినా ఇతరులకు అర్థం కానివాళ్లు, చదువుకు పనికిరారని బడి గడప దగ్గరే వెనక్కి పంపబడ్డవాళ్లు రచయితలైన చరిత్ర ఒకటుంది. ఆ చరిత్రలో కలం ఎవరి చేతిలో ఉందన్నది అలంకారంగా అడిగే ప్రశ్న కాదు. అక్షరాలా అడగవలసిన ప్రశ్న.

వీళ్లలో చాలామందిని ఈనాడు న్యూరోడైవర్జెంట్ అంటున్నారు. నాడీమండలం నడిచే తీరులోనే భిన్నంగా ఉన్నవాళ్లని దాని భావం. ఆటిజం, డిస్లెక్సియా, డౌన్ సిండ్రోమ్ మొదలైనవన్నీ ఈ గొడుగు కిందికి తెస్తున్నారు. మన భాషలో వీళ్లకు ఉన్న మాటలు మనకు తెలుసు: మొద్దు, ఎడ్డివాడు, తిక్కలోడు, వెర్రిబాగులవాడు. పాలకుల భాష ఇంతకంటే గొప్పదేమీ కాదు. ఇంగ్లండులో 1913 నాటి మెంటల్ డెఫిషియెన్సీ చట్టం మనుషులను ఇడియట్లు, ఇంబెసైళ్లు, ఫీబుల్ మైండెడ్, మోరల్ ఇంబెసైళ్లు అని నాలుగు తరగతులు చేసింది. ఇవి వీధి తిట్లు కావు, చట్టంలో రాసుకున్న పేర్లు. చట్టం పేరు పెట్టాక మనిషిని గేటు లోపల ఉంచడం సులువవుతుంది.

ఆ గేట్లు ఎలా పుట్టాయో కాస్త చెప్పుకోవాలి. లండన్‌లో 1867లో వచ్చిన పేదల చట్టం కింద ఒక శరణాలయాల బోర్డు ఏర్పడింది. దిక్కులేని పేదలను కూడేసిన వర్క్‌హౌసులు అప్పటికే నిండిపోయి ఉన్నాయి. పని చేయగల పేదను పని చేయలేని పేద నుంచి విడదీయాలన్నది ఆనాటి పెట్టుబడిదారీ వ్యవస్థ అవసరం. అలా విడదీసిన వాళ్లకోసం 1870లో లండన్ శివార్లలో రెండు పెద్ద శరణాలయాలు తెరిచారు. ఒకటి లీవ్స్‌డెన్, రెండోది కేటరామ్. ఈ రెండోదే తర్వాత సెయింట్ లారెన్స్ ఆసుపత్రి అయింది. ఆసుపత్రి అన్న పేరే గాని అక్కడికి వచ్చినవాళ్లు నయమై ఇంటికి పోవడానికి వచ్చినవాళ్లు కారు. ఎనిమిదేళ్ల వయసులో వచ్చినవాడు అక్కడే ముసలివాడయ్యేవాడు.

1928లో అలా ఎనిమిదేళ్ల వయసులో వచ్చినవాడు జోయీ డీకన్. పుట్టింది 1920లో, లండన్‌లోని కేంబర్‌వెల్ అనే పేటలో. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కాళ్లూ చేతులూ స్వాధీనంలో ఉండవు, నోట వచ్చే మాట ఎవరికీ అందదు. మాట అందలేదు కనుక బుద్ధి కూడా లేదనుకున్నారు. సెరిబ్రల్ పాల్సీ వేరు, ఆటిజం వేరు, మందబుద్ధి వేరు అని వైద్యశాస్త్రం ఈరోజు చెబుతుంది. ఆనాటి గేటు దగ్గర ఈ తేడాలేమీ లేవు. అందరికీ అదే వార్డు, అదే ముద్ర. అందుకే ఈ చరిత్రను అతనితో మొదలుపెడుతున్నాను.

ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు గడిచాయి. ఆ వార్డులోనే అతనికి ఎర్నీ రాబర్ట్స్ అనే స్నేహితుడు దొరికాడు. వైద్యులకు, నర్సులకు శబ్దంగా వినబడ్డది ఎర్నీకి భాషగా వినబడింది. దీనికి శిక్షణ ఏదీ లేదు. ఏళ్ల తరబడి పక్కన ఉండడమే శిక్షణ. సంకెళ్లు వేసినవాడికి ఖైదీ భాష అర్థం కాకపోవచ్చు గాని, పక్క గదిలో ఉన్న ఖైదీకి అర్థమవుతుంది. ఇది మన జైలు సాహిత్యం చదివినవాళ్లకు కొత్త సంగతి కాదు.

1970లో జోయీ తన కథ రాయాలనుకున్నాడు. ఎలా రాశారో వినండి. జోయీ ఒక వాక్యం అంటాడు. ఎర్నీ దాన్ని అందరికీ అర్థమయ్యేలా తిరిగి చెబుతాడు. మైకేల్ శాంగ్‌స్టర్ అనే మూడో స్నేహితుడు దాన్ని చేత్తో కాగితం మీద పెడతాడు. నాలుగోవాడు టామ్ బ్లాక్‌బర్న్. అతనికి చదవడం రాదు, రాయడం రాదు. అతను టైపు చేస్తాడు! మైకేల్ ఒక్కొక్క అక్షరం చెబుతుంటే టామ్ ఒక్కొక్క మీట వెతికి నొక్కుతాడు. ఇలా 14 నెలలు పట్టింది. తయారైనది 44 పేజీల పుస్తకం. అంటే నెలకు మూడు పేజీలు. పేరు 'టంగ్ టైడ్'. నాలుక కట్టుబడినవాడు అనుకోవచ్చు. మానసిక వికలాంగ బాలల కోసం పనిచేసే ఒక జాతీయ సంఘం 1974లో దాన్ని అచ్చు వేసింది. అదే ఏడు బి.బి.సి. ఈ నలుగురి మీద ఒక చిత్రం కూడా తీసింది.

వ్యాసుడు చెబుతుంటే గణపతి రాశాడన్న కథ మనకందరికీ తెలుసు. గంటం ఆగకూడదని గణపతి షరతు. అర్థం చేసుకోకుండా రాయకూడదని వ్యాసుడి షరతు. మన సంప్రదాయంలో ఆదర్శ లేఖకుడంటే చదువుల్లో కవికి తీసిపోనివాడు. కేటరామ్ వార్డులో ఆ లెక్క తలకిందులైంది. ఇక్కడ గంటం పట్టినవాడికి అక్షరమే రాదు. అయినా పుస్తకం నిలబడింది. ఎందుకంటే ఈ గొలుసులో ఏ ఒక్కడూ మొత్తం పని చేయలేడు. ఏ ఒక్కడూ పక్కవాడి పని తన చేతిలోకి లాక్కోలేడు. ఎర్నీ తప్పు చెబితే జోయీ కాదనగలడు. అతని మాట మనకు అర్థం కాకపోవచ్చు గాని, మైకేల్ తిరిగి చదివినప్పుడు తన వాక్యం అవునో కాదో జోయీకి తెలుస్తుంది. టామ్ చదవలేడు కనుక అందులో తన మాట చేర్చలేడు. బలహీనతల కూడిక అనుకున్నది శ్రమ విభజన అయింది. ఆ విభజనలో ఎవరి శ్రమా ఎవరూ కాజేయలేదు.

మన తాళపత్ర సంప్రదాయంలో వ్రాయసకాళ్లు ఎందరో ఉన్నారు. కవి పేరు కావ్యం మొదట్లో ఉంటే వ్రాయసకాడి పేరు చివర ఎక్కడో, తన తప్పులకు క్షమాపణ చెప్పుకునే చోట కనిపిస్తుంది. టామ్ బ్లాక్‌బర్న్ పేరు మనకు తెలియడం ఆ విధంగా చూస్తే చిన్న విషయం కాదు.

ఇక పుస్తకం గురించి. పోరాట సాహిత్యం కోసం వెతికే పాఠకుడికి అది నిరాశ కలిగిస్తుందని ముందే చెప్పాలి. సంస్థ మీద ధ్వజమెత్తడం అందులో లేదు. వార్డులు, మారిన మంచాలు, వచ్చివెళ్లిన నర్సులు, పండుగలు, బయటికి తీసుకెళ్లిన రోజులు, స్నేహితుల మంచి చెడ్డలు ఒకదాని తర్వాత ఒకటి పొడి మాటల్లో సాగిపోతాయి. ఇంగ్లండులో సరిగ్గా ఆ కాలంలోనే ఇలాంటి ఆసుపత్రుల బండారం బయటపడుతున్నది. కార్డిఫ్‌లోని ఈలీ ఆసుపత్రిలో రోగులను హింసించడం మీద విచారణ నివేదిక 1969లో వచ్చింది. పెద్ద ఆసుపత్రులు తగ్గించాలని ప్రభుత్వమే 1971లో శ్వేతపత్రం వేయవలసి వచ్చింది. అలాంటి రోజుల్లో లోపలి మనిషి రాసిన పుస్తకంలో ఆగ్రహం లేకపోవడమేమిటి?

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. అక్కడే బతుకుతున్నవాడు, అక్కడి అన్నమే తినేవాడు, రాసింది ముందు అక్కడివాళ్లే చదువుతారని తెలిసినవాడు ఏది రాస్తాడు, ఏది మింగుతాడు అన్నది మనం లెక్కలోకి తీసుకోవాలి. జీతగాడు దొర గడపలో కూర్చుని చెప్పిన కథలో దొర మంచివాడుగానే ఉంటాడు. అంతమాత్రాన ఆ పుస్తకాన్ని చైతన్యరహితమని పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. సంస్థలో రోగి ఎప్పుడూ రాయబడేవాడే. అతని పేరు, బరువు, ముద్ర, ప్రవర్తన అన్నీ ఇంకొకరి కలంతో కేసు కాగితంలో ఎక్కుతాయి. అతని గురించి రాసినవాళ్ల పేర్లు మాత్రం చరిత్రకు అక్కర్లేదు. జోయీ పుస్తకంలో మొదటిసారి ఆ సంబంధం తిరగబడింది. నర్సులు, వార్డులు, రోజులు అతని జాబితాలోకి ఎక్కాయి. ఎవరు మంచిగా చూశారో గుర్తుపెట్టుకుని పేరు పెట్టి చెప్పేవాడు మిగిలిన వాళ్లను కూడా గుర్తుపెట్టుకున్నాడనే కదా అర్థం. ఈ పొడి జాబితా వెనక ఎంత జ్ఞాపకశక్తి ఉన్నదో ఆలోచిస్తే, దీన్ని శైలీరాహిత్యం అని కొట్టిపారేయడానికి నా కలం ఆడదు.

జోయీకి కీర్తి వచ్చింది, కీర్తితోపాటు అవమానమూ వచ్చింది. 1981 అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం. ఆ సందర్భంగా 'బ్లూ పీటర్' అనే పిల్లల టెలివిజన్ కార్యక్రమం అతన్ని చూపించింది. ఉద్దేశం మంచిదే. ఫలితం? ఇంగ్లండు బడి మైదానాల్లో 'జోయీ' అన్న మాట తిట్టు అయిపోయింది. పుస్తకం చదివినవాడికి జోయీ వాక్యం కనిపిస్తుంది. తెర చూసినవాడికి జోయీ శరీరం మాత్రమే కనిపించింది. జాలిని వస్తువుగా చేసి అందరికీ పంచితే ఏమవుతుందో దీనికంటే వేరే ఉదాహరణ నాకు తెలియదు. ఆ ఏడాది డిసెంబరులోనే జోయీ చనిపోయాడు. అప్పటికి అతనూ స్నేహితులూ పెద్ద వార్డు వదిలి తమకంటూ ఏర్పడిన ఒక చిన్న ఇంట్లోకి మారి ఉన్నారు. ఆ ఇంటికి పుస్తకం తెచ్చిన డబ్బు కూడా తోడైంది. ఆసుపత్రి 1994లో మూతపడింది.

జోయీ కంటే ముందే మరొక పుస్తకం వచ్చింది. 1967లో అచ్చయిన నైజెల్ హంట్ పుస్తకం. నైజెల్ 1947లో పుట్టాడు. అతనిది డౌన్ సిండ్రోమ్. పుస్తకం ఉపశీర్షికలో మాత్రం 'మంగోలాయిడ్ యువకుడి దినచర్య' అని ఉంటుంది. ఈ మాట వెనక చరిత్ర నీచమైనది. లాంగ్డన్ డౌన్ అనే వైద్యుడు 1866లో మందబుద్ధులను జాతుల వారీగా వర్గీకరించి, తెల్లజాతిలో పుట్టిన ఈ పిల్లలు మంగోలు జాతికి దిగజారినవాళ్లని సిద్ధాంతం చేశాడు. సామ్రాజ్యవాదానికి సరిపడే విజ్ఞానం! దీనికి కారణం క్రోమోజోములలో ఒకటి ఎక్కువ ఉండడమేనని 1959లో తేలింది. ఆ మాటను వదిలేయాలని 1961లో కొందరు శాస్త్రవేత్తలు 'లాన్సెట్' పత్రికకు ఉత్తరం రాశారు. 1965లో మంగోలియా ప్రతినిధులు ప్రపంచ ఆరోగ్య సంస్థను ఇదే కోరారు. అయినా రెండేళ్ల తర్వాత వచ్చిన ఈ పుస్తకం అట్టమీద ఆ మాట అలాగే ఉంది. ముద్ర వేయించుకున్నవాడు తన పుస్తకానికి కూడా ఆ ముద్రే తగిలించుకోవలసి వచ్చింది.

నైజెల్‌కు చదువు రాదని అధికారులు తేల్చారు. అది వాళ్ల సొంత అభిప్రాయం మాత్రమే కాదు. 1944 నాటి విద్యా చట్టం ప్రకారం 'చదువుకు పనికిరాని' పిల్లలను విద్యాశాఖ తన లెక్కలోంచి తీసేసి ఆరోగ్యశాఖకు అప్పగించేది. ఈ దుర్మార్గం 1970 చట్టంతో, 1971 ఏప్రిల్ నుంచి గాని పోలేదు. నైజెల్ తల్లి ఆ తీర్పును లెక్కచేయక అక్షరాల శబ్దాలు పలికిస్తూ ఇంట్లోనే చదవడం నేర్పింది. కొడుకు తానే టైపు కొట్టుకుని పుస్తకం తయారుచేశాడు. వాక్యాలను మెరుగుపెట్టకుండా అలాగే ఉంచామని తండ్రి చెప్పుకున్నాడు. తండ్రి బడి ప్రధానోపాధ్యాయుడు అన్న సంగతి మనం మరచిపోకూడదు. అదే బుద్ధితో బొగ్గుగని కూలి ఇంట్లో పుట్టిన పిల్లవాడికి టైపు మిషను ఎక్కడిది? రోజుకు గంటల తరబడి పక్కన కూర్చునే తీరిక తల్లికెక్కడిది? నైజెల్ పుస్తకం ఒక తల్లి సాధించిన విజయం. జోయీ పుస్తకం తల్లీతండ్రీ ఇల్లూ లేని నలుగురు సాధించినది. నాకు రెండోదే ఎక్కువ ఆశ్చర్యం.

ఇక్కడినుంచి చరిత్ర చీకటి మలుపు తిరుగుతుంది. ఈ భాగం చెప్పకుండా దాటవేస్తే మనం చేసేది విమర్శ కాదు, భజన అవుతుంది.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో సెయింట్ నికొలస్ ఆసుపత్రి అనే సంస్థలో రోజ్‌మేరీ క్రాస్లీ పనిచేసింది. మాట రాని రోగుల చేతిని తాను పట్టుకుని ఆసరా ఇస్తే వాళ్లు అక్షరాలు చూపించగలుగుతున్నారని ఆమె చెప్పింది. ఆన్ మెక్‌డొనాల్డ్ అనే యువతి అలాగే 1979లో న్యాయస్థానానికి వెళ్లి ఆసుపత్రి నుంచి బయటపడే హక్కు గెలిచింది. 1980లో ఇద్దరి పేరుమీదా పుస్తకం వచ్చింది. అమెరికాలో డగ్లస్ బిక్లెన్ అనే ఆచార్యుడు ఈ పద్ధతిని 1990లో హార్వర్డ్ విద్యాపత్రికలో రాసి ప్రచారంలోకి తెచ్చాడు. ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అని పేరు. మూడు నాలుగేళ్లలో అది కార్చిచ్చులా పాకింది. ఒక్క మాట మాట్లాడని ఆటిజం పిల్లలు కవితలు రాస్తున్నారన్నారు, కాలేజీ పాఠాలు చదువుతున్నారన్నారు. ఏ తల్లి నమ్మకుండా ఉంటుంది?

న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక సంస్థలో పరిశోధకులు చాలా తేలికైన పరీక్ష పెట్టారు. వాళ్లూ మొదట ఈ పద్ధతిని నమ్మినవాళ్లే. 12 మందికి, వాళ్ల చెయ్యి పట్టుకునే సహాయకులకు వేరువేరుగా బొమ్మలు చూపించారు. ఒకరికి చూపింది మరొకరికి కనపడదు. ఆ పరీక్షలో తాను చూసిన బొమ్మ పేరును ఒక్కరూ టైపు చేయలేదు. సహాయకుడికి తాళం చెవి చూపించి, పక్కనున్నవాడికి కప్పు చూపిస్తే, కాగితం మీద పడేది తాళం చెవే. 1993లో ఈ ఫలితం వెలువడింది. 1994లో అమెరికా మనస్తత్వవేత్తల సంఘం ఈ పద్ధతికి శాస్త్రీయ ఆధారం లేదని తీర్మానించింది. సహాయకులు మోసగాళ్లు కారు. తమ చెయ్యే నడుపుతోందని వాళ్లకే తెలియదు. ఈలోగా ఇదే పద్ధతిలో కన్నవాళ్ల మీద అత్యాచార ఆరోపణలు టైపయ్యాయి. పిల్లలను ఇళ్లనుంచి తీసుకుపోయారు. తండ్రులు జైలుపాలయ్యారు. తర్వాత ఆ మాటలు పిల్లలవి కావని తేలింది.

ఇప్పుడు జోయీ వార్డుకు తిరిగి రండి. ఇంకొకరి సాయంతో రాయడం రెండు చోట్లా ఉంది. తేడా ఎక్కడుంది? కేటరామ్‌లో జోయీ నోటినుంచి శబ్దం వచ్చేది. అది అతని శరీరంలోంచి, అతని ప్రయత్నంతో వచ్చింది. ఎర్నీ చెప్పిన అర్థం సరైనదో కాదో ఎవరైనా పరీక్షించవచ్చు. ఎర్నీకి తెలియని సంగతి జోయీని అడిగితే చాలు. చెయ్యి పట్టుకునే పద్ధతిలో మాట ఎక్కడ పుడుతున్నదో కనిపించదు. దానికంటే ముఖ్యం, పరీక్షిద్దామంటే ఆ పద్ధతివాళ్లు ఒప్పుకోరు. పరీక్ష అంటే అపనమ్మకమనీ, అపనమ్మకం అవమానమనీ అంటారు. వికలాంగుల హక్కుల పేరుతో వచ్చే ఈ వాదన మన అభ్యుదయ శిబిరంలో కూడా కొందరికి నచ్చుతుంది. నాకు నచ్చదు. నోరులేనివాడి నోట తన మాట పెట్టి, అది వాడి మాటేనని ప్రకటించడం కంటే పెద్ద దోపిడీ ఏముంటుంది? ఓటు వేలిముద్ర పెద్దరైతు వేయించిన ఊళ్లు చూసిన మనం ఆ సంగతి తెలియనట్టు నటించలేము.

దీనికి అవతలి ప్రమాదం కూడా ఉంది. అది అంతకంటే పాతది. అక్షరం అతనిది కాదని తేలింది గనుక లోపల మనిషే లేడనడం. న్యూయార్క్ పరీక్ష తేల్చింది ఆ టైపు మాటలు ఎవరివో మాత్రమే. ఆ 12 మంది ఏమనుకుంటున్నారో, ఏం ఇష్టపడుతున్నారో అది చెప్పలేదు, చెప్పజాలదు. కేటరామ్ వైద్యులు జోయీ విషయంలో చేసింది సరిగ్గా ఆ రెండో తప్పే.

ఈ చర్చ మన దేశాన్ని కూడా తాకింది. టిటో రాజర్షి ముఖోపాధ్యాయ మైసూరులో, బెంగుళూరులో పెరిగిన కుర్రవాడు. తీవ్రమైన ఆటిజం, మాట దాదాపు లేదు. తల్లి సోమ అక్షరాల పలకతో అతనికి చదువు చెప్పింది. అతని మొదటి పుస్తకం 'బియాండ్ ది సైలెన్స్'ను ఇంగ్లండులోని జాతీయ ఆటిజం సంఘం 2000లో ప్రచురించింది. అందులో చాలాభాగం పదకొండేళ్లలోపు రాసినదే. ఆ తర్వాత తల్లీకొడుకులు అమెరికా వెళ్లారు. అతని కవితలు, కథలు, ఆత్మకథాత్మక రచనలు మరికొన్ని పుస్తకాలుగా వచ్చాయి. తల్లి పద్ధతి వేరే పేరుతో అక్కడ వ్యాపించింది. అమెరికాలోని వాక్ శ్రవణ నిపుణుల సంఘం 2018లో ఆ పద్ధతిని కూడా సమర్థించలేమని ప్రకటించింది. పలక సహాయకుడి చేతిలో ఉంటే సైగలు చేరకుండా ఉంటాయా అన్నది వాళ్ల ప్రశ్న. టిటో తన చేత్తో తానే రాయడం చూశామన్నవాళ్లున్నారు. ఒకడి విషయంలో నిజమైనది, పద్ధతిగా మార్చి పదివేల మందికి అమ్మినప్పుడు నిజంగానే ఉంటుందన్న హామీ లేదని మాత్రం నేనంటాను.

సాయం లేకుండా తమంత తామే రాయగల ఆటిజం మనుషులు ఈలోగా వేరే దారి తెరిచారు. టెంపుల్ గ్రాండిన్ ఆత్మకథ 1986లో, డొనా విలియమ్స్ ఆత్మకథ 1992లో వచ్చాయి. 1992లోనే జిమ్ సింక్లెయిర్, డొనా విలియమ్స్ మొదలైనవాళ్లు తమ సంఘం పెట్టుకుని 'అవర్ వాయిస్' అనే చిన్న పత్రిక నడిపారు. మా కోసం ఏడవకండని తల్లిదండ్రులను ఉద్దేశించి సింక్లెయిర్ 1993లో చేసిన ప్రసంగం ఆ పత్రికలోనే వచ్చింది. ఏ ఉద్యమానికైనా ముందు ఒక చిన్న పత్రిక కావాలి, నాలుగు కాగితాలైనా సరే. ఈ సంగతి మన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

న్యూరోడైవర్సిటీ అన్న మాట చరిత్ర కూడా ఇక్కడ చెప్పదగినదే. 1998లో సిడ్నీలో జూడీ సింగర్ అనే విద్యార్థిని తన పరిశోధన వ్యాసంలో దాన్ని వాడింది, అదే ఏడు హార్వీ బ్లూమ్ అనే పాత్రికేయుడు 'అట్లాంటిక్' పత్రికలో వాడాడు. పాతికేళ్లపాటు అందరూ ఆ భావనకు సింగర్‌నే కర్త్రిగా చెప్పుకున్నారు. 2024లో కొందరు పరిశోధకులు పాత కాగితాలు తిరగేసి, ఆటిజం మనుషులు కంప్యూటర్ల ద్వారా ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలలో 1996 నాటికే ఆ భావన రూపు కట్టిందని, టోనీ లాంగ్డన్ అనే అతను నాడీ వైవిధ్యం గురించి అప్పటికే మాట్లాడాడని చూపించారు. అది ఒకరి సృష్టి కాదు, కలిసి రూపొందించుకున్నదని వాళ్ల వాదన. విశ్వవిద్యాలయం గుమ్మం దాటినప్పుడే మాట పుట్టినట్టు లెక్కవేయడం మనకు తెలియనిది కాదు. పొలంలో పుట్టిన పాట సంకలనకర్త పేరుమీద చెలామణి అయిన సందర్భాలు మన దగ్గర లేవా?

మన సంగతి. సికిందరాబాదులో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ 1984లో వెలిసింది. ఇప్పుడు దాని పేరు మారింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016 చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచి ఆటిజాన్ని, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలను చేర్చింది. ఇవన్నీ చికిత్సకు, సర్టిఫికెట్టుకు, పరీక్షకు సంబంధించినవి. పరీక్షలో రాయలేని పిల్లవాడికి స్క్రైబును ఇస్తారు. ఆ స్క్రైబు తక్కువ తరగతివాడై ఉండాలని చూస్తారు. ఎక్కువ చదివినవాడైతే తన జవాబు రాసేస్తాడని సర్కారు భయం. టామ్ బ్లాక్‌బర్న్ కథ తెలిసినవాళ్లకు ఈ నిబంధన వెనకున్న తర్కం కొంత అర్థమవుతుంది. అయితే ఈ ఏర్పాటు జవాబు కోసమే గాని కథ కోసం, కవిత కోసం కాదు.

నేను తెలుగు పాఠం చెప్పిన ఒక జిల్లా పరిషత్ బడిలో ఒక పిల్లవాడుండేవాడు. ఎవరి ముఖమూ చూసేవాడు కాదు. 'మా ఊరు' అని వ్యాసం రాయమంటే, ఊరికి వచ్చే ఆర్టీసీ బస్సులన్నిటినీ వేళలతో సహా రాశాడు. ఏ బస్సు ఎందుకు ఆలస్యమవుతుందో, ఏది సంత రోజున మాత్రమే ఆగుతుందో, ఏ డ్రైవరు మారాక ఏది మానేసిందో అన్నీ ఉన్నాయి. ఊరి పరిచయంగా నేను చదివిన వ్యాసాలన్నిటిలో అదే నమ్మదగినది. నేను మార్కులు వేశాను, పైవాళ్లు కొట్టేశారు. ప్రకృతి వర్ణన లేదట. సృజన అంటే ఉపమానమేనని, భావోద్వేగమేనని మనం గీసుకున్న గీత అవతల ఇలాంటి రచన ఎంత పోతున్నదో ఎవరు లెక్కపెట్టారు? జోయీ జాబితాలను శైలి కాదన్నవాడు ఈ బస్సుల పట్టికనూ కాదంటాడు.

ఈ మధ్య అమెరికాలో ఈ దిశగా కొంత పని జరుగుతోంది. క్రిస్ మార్టిన్ అనే కవి ఆటిజం ఉన్న పిల్లలతో, పెద్దలతో కలిసి ఏళ్లుగా కవిత్వం చేయిస్తున్నాడు. మిల్క్‌వీడ్ అనే ప్రచురణ సంస్థ 2022 నుంచి నాడీ వైవిధ్యం ఉన్నవాళ్ల రచనలకు ఒక ప్రత్యేక పరంపర నడుపుతోంది. వాళ్లు పట్టుకున్న సూత్రం సులువైనదే: ఒకే మాట మళ్లీ మళ్లీ రావడాన్ని లోపంగా దిద్దకుండా లయగా వినడం, ఇష్టమైన ఒక్క విషయం చుట్టూనే తిరగడాన్ని వస్తువుగా ఒప్పుకోవడం. మన జానపదులకు ఇది కొత్త కాదు. పల్లవి మళ్లీ మళ్లీ రాకపోతే పాటే లేదు. ఆ పుస్తకాలలో మాట్లాడలేని కవులున్నచోట, ఎవరి చెయ్యి ఎంత అన్న పాత సందేహం వాటినీ వెంటాడుతుంది. అది వెంటాడనివ్వాలి కూడా.

ఒకరు చెబితే ఇంకొకరు రాసిన చరిత్ర మనకూ ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పిన జీవితాలను స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చారు. ఎవరు చెప్పారో, ఎవరు విన్నారో దాచకపోవడం ఆ పుస్తకం బలం. మన పత్రికలు రేపు ఒక ఆటిజం కుర్రవాడి కవితో, డౌన్ సిండ్రోమ్ ఉన్న అమ్మాయి కథో వేసుకుంటే, నేను కోరేది అంతే. మాట ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు — నోటితోనా, పలక మీదనా, సైగతోనా. ఎవరు రాశారు, తిరిగి చదివి వినిపించారా, వద్దన్న వాక్యం తీసేశారా, ఎవరి చెయ్యి ఎవరి చేతిమీద ఉంది. నాలుగు పంక్తులు చాలు, రచన కిందనే, అదే అక్షరాల పరిమాణంలో. తల్లి రాసిపెట్టి ఉంటే తల్లి పేరు వేయాలి. దిద్దింది సంపాదకుడైతే సంపాదకుడి పేరు కూడా.